దారి పరులది, తాళము మనది

గ్రామ కరణముగారి కవిలెకట్ట ఆయన ఇంటి పెట్టెలో నున్నంత కాలము దాని రక్షణము పెద్ద సమస్య కాలేదు. పెట్టెకు తాళము, ఇంటికి తలుపు, తలుపునకు గడియ. పద్దు చూడగోరినవాడు ఎంత దూరమునుండి వచ్చినను ఆ గడప త్రొక్కవలసినదే. వచ్చినవా డెవడో కరణముగారు కన్నులార చూచెడివారు. నేడు మన కవిలెలు డేటాబేసు లనబడు కంప్యూటరు దస్తరములైనవి. 1998 లో ఆంధ్రప్రదేశమున రిజిస్ట్రేషను కచేరీల దస్తావేజులు ‘కార్డ్’ అను ఏర్పాటుతో కంప్యూటరుల కెక్కసాగినవి. 2002 ఆగస్టునుండి రైలు టిక్కెట్టును ఇంట కూర్చుండి ఇంటర్నెట్టు ద్వారా కొనుట సాధ్యమైనది. బ్యాంకు నిలువ, ఆసుపత్రి చీటీ, పొలము సర్వే నంబరు, పిల్లవాని పరీక్ష మార్కులు, అన్నియు ఎక్కడనో యొకచోట నున్నవి. చూచువాడు వేరొకచోట నున్నాడు. నడుమ నున్న దారి మాత్రము ఆ ఇద్దరిదియు కాదు.

ఆ పరాయి దారిని పోవు మాటను గూర్చి మనము అడుగదగిన ప్రశ్నలు మూడు. దారిలో దాని నెవరైన చదివిరా? దాని నెవరైన మార్చిరా? అవతలి కొసను నిలిచి బదులు చెప్పుచున్నవాడు మన మనుకొన్నవాడేనా? ఈ మూడు ప్రశ్నలును కంప్యూటరులతో పుట్టినవి కావు. ఒక్కొక్క ప్రశ్నకు ఒక్కొక్క యుగమున ఒక నష్టమో, అవమానమో కలిగిన పిమ్మటనే మానవుడు సమాధానము వెదకినాడు. ఆ వెదకులాట చరిత్రయే నేటి ప్రసంగ విషయము.

విద్యుత్తు తంతి పుట్టుటకు పూర్వమే ఫ్రాన్సు దేశమున ఒక వార్తామార్గ ముండెను. క్లాడ్ షాప్ అనునతడు దానిని కనిపెట్టెను. 1794 లో పారిసునుండి లీల్ పట్టణమువరకు మొదటి వరుస నడువసాగెను. గుట్టలమీదను, గోపురములమీదను కట్టడములు కట్టి, ఒక్కొక్కదానిపై పొడవైన కొయ్యచేతులు నిలిపిరి. ఒక కట్టడముననున్న పనివాడు దుర్భిణితో ముందటి కట్టడపు చేతుల భంగిమను చూచి, తన చేతులను అటులే నిలిపెడివాడు. ఇట్లు మాట గుట్టనుండి గుట్టకు దూకి పోవుచుండెను. వాడుకలోనున్న భంగిమలు 92. సంకేతగ్రంథమున 92 పుటలు, పుటకు 92 పంక్తులు. మొదటి భంగిమ పుటను, రెండవ భంగిమ పంక్తిని తెలుపును. ఇందువలన 8,464 పదములను పంప వీలయ్యెను. నడుమనున్న పనివాండ్రకు ఆ గ్రంథము లేదు. వారు మోయు మాట యేమో వారికే తెలియదు. గ్రంథము మార్గపు కొసలయందును, ముఖ్య స్థానములందును ఉన్న అధికారులయొద్ద మాత్రమే యుండెడిది. మొదటి ప్రశ్నకు ఇది చక్కని సమాధానమే.

ఐనను ఆ మార్గము మోసపోయినది. ఫ్రాన్సువా బ్లాన్, జోసెఫ్ బ్లాన్ అను సోదరు లిద్దరు బోర్డో నగరమున ప్రభుత్వ ఋణపత్రముల బేరము చేయుచుండిరి. పారిసులో వాని ధర పెరిగినదో తగ్గినదో బోర్డోకు టపాబండిలో తెలియుటకు కొన్ని దినములు పట్టెడిది. తంతి ప్రభుత్వపు పనికి మాత్రమే. వర్తకులకు దానిని వాడు వీలు లేదు. అప్పుడీ సోదరులు త్రోవలో నున్న టూర్ పట్టణపు పనివానికి లంచ మిచ్చిరి. పారిసునుండి వారి మనిషి పంపిన గురుతు ననుసరించి అతడు సర్కారు వార్త నడుమ ఒక తప్పు భంగిమను చొప్పించి, వెంటనే ‘పై భంగిమను కొట్టివేయుడు’ అను గురుతును చేర్చెడివాడు. తప్పును, దిద్దుబాటును కట్టడము వెంబడి కట్టడము యథాతథముగ బోర్డోవరకు మోసికొని పోయెడివి. అచ్చటి అధికారి దిద్దుబాటును చూచి తప్పును తీసివేసి సర్కారు వార్తను శుద్ధముగ వ్రాసికొనెడివాడు. కాని బోర్డో చెంత ఆ చేతులను కనిపెట్టి చూచుచుండిన బ్లాన్ సోదరుల మనిషికి ఆ తప్పు భంగిమయే కావలసిన వార్త.

1834 నుండి 1836 వరకు, రెండేండ్లపాటు ఈ వ్యవహారము సాగెను. బయటపడిన పిదప 1837 లో విచారణ జరిగినది. తంతిని స్వంతమునకు వాడుకొనుట నేరమని చెప్పు శాసన మేదియు అప్పటికి లేదు గనుక సోదరులు శిక్ష తప్పించుకొనిరి. ఆ యేడే ఫ్రాన్సు ప్రభుత్వము తంతి వార్తలపై సర్వాధికారమును తనదిగా చేసికొని శాసనము చేసెను. సర్కారు రహస్య మొక్కటియు బయటపడలేదు, సంకేతగ్రంథము చెక్కుచెదరలేదు. అయినను మార్గము అన్యుల సేవ చేసినది. చదువరాని మాటను సైతము మార్చవచ్చును అను సంగతి, మన రెండవ ప్రశ్న, అట్లు లోకమునకు తెలిసినది.

పిమ్మట విద్యుత్తు తంతి వచ్చెను. 1844 లో మోర్సు వాషింగ్టనునుండి బాల్టిమోరుకు వార్త పంపెను. మన దేశమున ఓషానెస్సీ దొర కృషిచే 1851 నాటికి కలకత్తానుండి డైమండ్ హార్బరువరకు తీగ సాగెను. 1855 లో తంతి ప్రజల వాడుకకు వచ్చెను. ఉత్తరమునకు కవరుండును, కవరునకు జిగురుండును. తంతికి ఆ మరుగు లేదు. ఇచ్చుచోట ఒక గుమాస్తా చదువును, అందుకొనుచోట వేరొక గుమాస్తా చదువును, నడుమ మరి యెందరో. వర్తకులు దీనికి జంకి సంకేతనిఘంటువులు కొనుక్కొనిరి. మోర్సు భాగస్వామి యగు ఫ్రాన్సిస్ స్మిత్ 1845 లోనే అట్టి పుస్తక మొకటి ప్రకటించెను. ఒక్క మాటతో ఒక వాక్యమంతయు చెప్పవచ్చును గనుక ఖర్చును తగ్గెడిది. కాని ఆ పుస్తకము ప్రతి పరుని చేత పడిన నాడు రహస్య మంతయు గాలిలో కలిసిపోవును.

ఈ దోషమును కనిపెట్టి సూత్రము చెప్పినవాడు ఓగ్యూస్ట్ కెర్క్‌హాఫ్స్. హాలండులో పుట్టి పారిసులో ఆచార్యుడైనవాడు. 1883 లో ఒక సైనిక శాస్త్ర పత్రికలో రహస్యలిపిని గూర్చి వ్యాసములు వ్రాసి ఆరు నియమములు నిర్దేశించెను. అందు రెండవది నేటికిని శాస్త్రజ్ఞులకు శిరోధార్యము. పద్ధతి రహస్యముగ నుండవలసిన యవసరము కూడదు. అది శత్రువు చేతిలో పడినను కష్టము కలుగకుండవలెను అని దాని భావము. అనగా తాళమును చేయు విధానము కమ్మరి వీధిలో అందరికిని తెలిసియుండవచ్చును. తాళపుచెవి మాత్రము మన మొలత్రాటికి ఉండవలెను. ‘మా పద్ధతి యెవరికిని తెలియదు, కావున మాకు భయము లేదు’ అనువాడు గుట్టు తెలిసిన దినమున సర్వమును కోల్పోవును. చెవి పోయినవాడు మాత్రము చెవిని మార్చుకొనిన చాలును.

ఈ హితవు చెవికెక్కనివారికి ఎట్టి గతి పట్టునో మొదటి ప్రపంచ యుద్ధము చూపెను. 1914 ఆగస్టులో యుద్ధ మారంభము కాగానే ఇంగ్లండు జర్మనీవారి సముద్రతంతులను కోసివైచెను. అమెరికాలోని తమ రాయబారికి వార్త పంపుటకు జర్మనులకు స్వంత తీగ లేకపోయెను. అధ్యక్షుడు విల్సను శాంతి సంప్రదింపుల నిమిత్తము తన దేశపు రాయబార తంతిని వాడుకొన నిచ్చెను. 1917 జనవరి 16 వ తేదీన జర్మను విదేశాంగ మంత్రి జిమ్మర్‌మాన్ ఆ దారినే ఒక గుప్తవార్త పంపెను. అమెరికా తమపై కత్తి దూసినచో మెక్సికో తమతో చేరవలెననియు, టెక్సాసు, న్యూ మెక్సికో, అరిజోనా ప్రాంతములు దానికి దక్కుననియు అందలి సారము. అమెరికా యిచ్చిన ఆతిథ్యమునకు అమెరికామీదనే పన్నాగము! ఆ తీగ లండనుమీదుగ పోవుచుండెను. ఇంగ్లీషు నౌకాశాఖవారి ‘40 వ నంబరు గది’లోని పండితులు దానిని పట్టి విప్పిరి. మార్చి 1 వ తేదీన అది అమెరికా పత్రికల కెక్కెను. ఏప్రిలు 6 న అమెరికా యుద్ధమున దిగెను. ఆ నిర్ణయమునకు ఇతర కారణములును ఉన్నవి గాని, పరుల తీగను నమ్మి, పాతబడిన సంకేతమును నమ్మి పంపిన ఆ వార్త దేశ మంతటిని కదలించినది.

విప్పనలవికాని సంకేతము అసలు లేదా? ఉన్నది. 1917 లోనే అమెరికాలో గిల్బర్ట్ వెర్నమ్ అను ఇంజనీరు ఒక ఉపాయము చెప్పెను. వార్తతో సమానమైన పొడవుగల క్రమరహితమైన చిల్లులపట్టీ నొకదానిని అక్షరమున కక్షరముగ దానితో కలుపవలెను. అట్టి పట్టీని ఒక్కసారియే వాడి నాశనము చేసినచో దానిని ఎంతటివాడును విప్పజాలడని 1949 లో క్లాడ్ షానన్ గణితముచే నిరూపించినట్లు ప్రకటించెను. 1963 ఆగస్టు 30 న వాషింగ్టనుకును మాస్కోకును నడుమ వేసిన అత్యవసర తంతి ఈ పద్ధతినే నడిచినది. ఆ తీగ లండను, కోపెన్‌హేగను, స్టాక్‌హోము, హెల్సింకి నగరముల మీదుగ పోయెను. నాలుగు పరదేశములు దాటుచున్నను అణుయుద్ధమును ఆపవలసిన మాటలకు భయము లేకుండెను. కారణ మేమన, తాళపుచెవులైన ఆ పట్టీలు రాయబార కార్యాలయముల ద్వారా మనుష్యుల చేతులమీదుగ అందెడివి.

చిక్కంతయు ఇచ్చటనే యున్నది. మాట తీగమీద క్షణములో పోవును. తాళపుచెవి మాత్రము మనిషి సంచిలో పోవలెను. ఇద్దరు రాజ్యాధిపతులకు ఇది సాధ్యము. కోటిమంది టిక్కెట్టు కొనువారికి ఇంటింటికి తాళపుచెవి పంపుట ఎట్లు? ఎన్నడును ఒకరి నొకరు చూడని ఇద్దరు, అందరును వినుచున్న తీగమీదనే మాటలాడుకొని, ఆ ఇద్దరికి మాత్రమే తెలిసిన రహస్య మొకటి యేర్పరచుకొనగలరా? వినుటకు ఇది గారడివలె నున్నది. 1976 నవంబరులో విట్‌ఫీల్డ్ డిఫీ, మార్టిన్ హెల్మన్ అను అమెరికా శాస్త్రజ్ఞు లిద్దరు ఇది సాధ్యమని వ్యాసము ప్రకటించిరి. రాల్ఫ్ మెర్కిల్ భావములును ఇందులకు తోడైనవి.

వారి విధానమును చిన్న సంఖ్యలతో పలకమీద వ్రాసి చూచుకొనవచ్చును. 5, 23 అను రెండు సంఖ్యలను అందరును విన బహిరంగముగ చెప్పుకొందురు. మొదటివాడు తన మనసులో 3 అనుకొనును. ఐదును మూడుమార్లు వేసి గుణించిన 125. 23 చే భాగింప శేషము 10. రెండవవాడు తన మనసులో 7 అనుకొనును. ఐదును ఏడుమార్లు వేసి గుణించిన 78,125, శేషము 17. ఈ 10 ని, 17 ను ఒకరి కొకరు బిగ్గరగా చెప్పుకొందురు. ఇప్పుడు మొదటివాడు తనకు వచ్చిన 17 ను మూడుమార్లు వేసి గుణించును: 4,913, శేషము 14. రెండవవాడు 10 ని ఏడుమార్లు వేసి గుణించును: కోటి; దానికిని శేషము 14. ఇద్దరికిని 14 లభించినది. ఆ పదునాలుగును ఎవరును ఉచ్చరింపలేదు! చిన్న సంఖ్యలైనచో పొంచి వినువాడు ఒక్కొక్కటియే ప్రయత్నించి మనసులోని 3 ను, 7 ను పట్టుకొనగలడు. వందలకొలది అంకెలుగల సంఖ్యల నెన్నుకొన్నచో నేటి కంప్యూటరులకు అది తలకు మించిన పని.

మరుసటి యేడు, 1977 లో, మసాచుసెట్సు సాంకేతిక విద్యాలయమున రివెస్ట్, షమీర్, ఆడిల్మన్ అను ముగ్గురు మరియొక మార్గము కనిపెట్టిరి. ఇందు తాళము వేరు, చెవి వేరు. తాళమును వీధిలో పంచిపెట్టవచ్చును. ఎవరైన దానితో పెట్టెను బిగింపవచ్చును. తీయగలవాడు చెవిగల యజమానుడొక్కడే. త్రిప్పి చూచినచో, యజమానుడు మాత్రమే వేయగల ముద్రను లోకమంతయు సరిచూచుకొనవచ్చును. ఇట్టి భావములను ఇంగ్లండు ప్రభుత్వ రహస్యశాఖలో ఎల్లిస్, కాక్స్, విలియమ్సన్ అనువారు 1970 మొదలు 1974 లోపలనే కనుగొనిరని 1997 లో గాని లోకమునకు తెలియలేదు. రహస్యశాఖలో దాగిన విద్య ప్రజల కక్కరకు రాలేదు. బహిరంగముగ ప్రకటింపబడిన విద్య ప్రపంచమునకు తాళమైనది.

ఇక మూడవ ప్రశ్న. తీగ యవతలనుండి 17 అని చెప్పినవాడు మన స్నేహితుడో, నడుమ నిలిచి ఇరువురకును స్నేహితునివలె నటించుచున్న దొంగయో తెలియుట యెట్లు? మన పెద్దలకు ఈ ప్రశ్న క్రొత్తది కాదు. విశాఖదత్తుని ముద్రారాక్షస నాటకమంతయు దీనిపైననే నడచును. రాక్షసమంత్రి ముద్రికాంగుళీయకము చాణక్యుని చేత చిక్కినది. ఉత్తరము వ్రాసినది రాక్షసుని స్నేహితుడగు శకటదాసు దస్తూరియే. పైనున్న ముద్ర రాక్షసుని ముద్రయే. పంపినవాడు మాత్రము రాక్షసుడు కాడు. మలయకేతువు ముద్రను చూచి నమ్మెను, చెడెను. ముద్ర నిజమైనంత మాత్రమున మనిషి నిజము కాడు. 1978 లో లోరెన్ కోన్‌ఫెల్డర్ అను విద్యార్థి తన పరిశోధన వ్యాసమున సర్టిఫికేటు పద్ధతిని ప్రతిపాదించెను. ఇది ఫలానివారి తాళమే యని నమ్మకస్థుడగు మూడవవాడు ముద్ర వేసి యిచ్చు పత్రమది. నేడు ఇంటర్నెట్టునందు బ్యాంకు నిజమైనదో కాదో మన కంప్యూటరు ఇట్టి పత్రమును చూచియే నిర్ణయించుచున్నది.

విద్య సిద్ధముగ నున్నది గాని వాడుకకు రాలేదు. ఏలయన ఇంటర్నెట్టు పుట్టినది పరస్పర విశ్వాసము గల పండితుల నడుమ. 1969 అక్టోబరు 29 న లాస్ ఏంజిలీసులోని విశ్వవిద్యాలయమునుండి స్టాన్‌ఫర్డు పరిశోధనాలయపు కంప్యూటరులో ప్రవేశించుటకై ‘లాగిన్’ అను మాటను అక్షరమున కక్షరముగ పంపజూచిరి. రెండక్షరములు చేరిన వెంటనే అవతలి యంత్రము కూలబడెను. దూరపు యంత్రము తలుపు తట్టుటయే ఆ మహామార్గము మీద నడచిన మొదటి మాట యన్నమాట. మరుసటి యేడే ఐ.బి.ఎమ్. సంస్థలోని ఎడ్గర్ కాడ్, దస్తరములను పట్టికలుగ అమర్చు సిద్ధాంతమును ప్రకటించెను. నేటి డేటాబేసులలో అధిక భాగమునకు అదియే పునాది. తలుపు తట్టు విద్యయు, పట్టికల విద్యయు పెరిగి ఒకదాని నొకటి కలిసికొనినవి గాని, తలుపు తట్టువాడు చెప్పు పాస్‌వర్డు మాత్రము చిరకాలము బాహాటముగనే తీగమీద పోవుచుండెను. టెల్‌నెట్ అను పాత పద్ధతిలో దారి ప్రక్కన కూర్చున్న వాడెవడైనను దానిని వ్రాసికొనవచ్చును. పోస్టుకార్డుమీద ఇనుపపెట్టె తాళము గుట్టును వ్రాసి పంపుటకును, దీనికిని భేద మేమి?

దొంగలు పడిన ఆరు నెలలకు కుక్కలు మొరిగినవన్న సామెతగా, 1994 ఫిబ్రవరిలో అమెరికాలోని కంప్యూటరు భద్రతా కేంద్రమువారు వేలకొలది యంత్రముల పాస్‌వర్డులను దొంగలు పొంచి విని పట్టుకొనిరని హెచ్చరిక చేసిరి. 1995 లో హెల్సింకి సాంకేతిక విశ్వవిద్యాలయమున ఇట్టి దొంగతనమే జరిగినది. అచ్చటి పరిశోధకుడు టాటు యిలోనెన్ వగచుచు కూర్చుండక ఎస్.ఎస్.హెచ్. అను ఉపకరణమును నిర్మించి, ఆ యేటి జూలైలో ఉచితముగ లోకమునకు పంచిపెట్టెను. ఏడాది ముగియులోపల ఏబది దేశములలో ఇరువదివేలమంది దాని నవలంబించిరి. ఇందు తాళపుచెవిని కుదుర్చుకొనుట, మాటను మరుగుపరచుట, మార్పును పసిగట్టుట, మనిషిని గుర్తించుట అన్నియు కలవు. మూడు ప్రశ్నలకును ఒక్క గొడుగు క్రింద సమాధానము లభించినది.

ఇందలి ‘సొరంగము’ అను సౌకర్యము డేటాబేసుల పాలిటి వరము. డేటాబేసు వీధివైపు తలుపును పూర్తిగా మూసికొని, తన యంత్రములోనుండి వచ్చు పిలుపు మాత్రమే వినును. దూరముననున్న ఉద్యోగి ముందు ఎస్.ఎస్.హెచ్. ద్వారమున తన తాళపుచెవిని చూపి లోనికి పోవును. ఆ ద్వారము అతని మాటలను మరుగుపరచి మోసికొనిపోయి డేటాబేసు చెవిలో ఊదును. వీధిని పోవువానికి డేటాబేసు ఉన్నట్లే తెలియదు. ఆ కాలముననే నెట్‌స్కేప్ సంస్థవారు వెబ్బు వర్తకమునకై ఎస్.ఎస్.ఎల్. అను కవచమును చేసిరి. అదియే సంస్కరింపబడి 1999 లో టి.ఎల్.ఎస్. అను పేర సర్వజన ప్రమాణమైనది, దాని 1.3 వ కూర్పు 2018 ఆగస్టులో వెలువడినది. డేటాబేసు సంబంధములకును ఈ కవచమును తొడుగవచ్చును.

తాళము పెద్దది కావలెను సుమా. ఆనాడు అమెరికా ప్రభుత్వము బలమైన రహస్యలిపిని ఆయుధముగ నెంచి, పరదేశములకు 40 బిట్ల చెవిగల బలహీనపు కూర్పునే పంపనిచ్చెను. 1995 ఆగస్టులో ఫ్రాన్సు దేశపు పరిశోధకుడు డామియెన్ డోలిజె తన సంస్థలో ఖాళీగ నున్న కంప్యూటరులను కూర్చి ఎనిమిది దినములలో అట్టి చెవి నొకదానిని పట్టివైచెను. 2000 లో ఆ నిర్బంధము సడలినది.

ఇంత విద్య చేతనుండియు తలుపులు బార్లా తెరచి యుంచినవారి కథ లింకను మిగిలియున్నవి. 2003 జనవరి 25 న ‘స్లామర్’ అను కంప్యూటరు పురుగు పుట్టెను. దాని శరీరము 376 బైట్లు మాత్రమే, మైక్రోసాఫ్టువారి ఎస్.క్యూ.ఎల్. సర్వరు అను డేటాబేసులోని లోపమొకటి దానికి ఆహారము. ఆ లోపమును సరిచేయు దిద్దుబాటు 2002 జూలైలోనే ప్రకటింపబడినది; పెక్కుమంది వేసికొనలేదు. ఇంటర్నెట్టువైపు నేరుగ ముఖము పెట్టి కూర్చున్న డేటాబేసులను వెదకుచు, మొదటి నిమిషమున ఎనిమిదిన్నర సెకండ్లకొకమారు రెట్టింపగుచు, పది నిమిషములలో అది దాదాపు లోకమంతటిని చుట్టివచ్చెను. పట్టుపడిన యంత్రములు 75,000 కు తక్కువ కావు. బ్యాంకుల నగదు యంత్రములు నిలిచిపోయినవి. విమానముల ప్రయాణములు తడబడినవి.

అన్నిటికంటె గుణపాఠము నేర్పునది ఒహాయో రాష్ట్రములోని డేవిస్-బెస్ అణువిద్యుత్ కేంద్రపు వృత్తాంతము. ఆ కేంద్రమునకు కోటగోడవంటి అడ్డు గలదు. వీధిద్వారమున పురుగునకు ప్రవేశము లేదు. కాని ఒక కాంట్రాక్టరు కార్యాలయమునుండి కేంద్రములోనికి వేసిన వేరొక తీగ ఆ గోడను తప్పించుకొని పోవుచుండెను. పురుగు ఆ దొడ్డిదారిని లోనికి చొచ్చి, భద్రతా వివరములు చూపు కంప్యూటరును సుమారు ఐదు గంటలకాలము మూగపరచెను. కేంద్రము అప్పటికి మరమ్మతులకై నిలిపివేయబడి యుండుట మేలైనది. సింహద్వారమున నలుగురు కావలివాండ్రను నిలిపి దొడ్డిగుమ్మమును మరచిన ఇల్లు ఎట్టిదో, అట్టిదే ఎవరును లెక్కింపని దూర సంబంధము గల దస్తరము.

2017 ఆరంభమున మరియొక దోపిడి జరిగెను. మాంగోడీబీ అను డేటాబేసును పలువురు పాస్‌వర్డు సైతము పెట్టక ఇంటర్నెట్టులో వదలిరి. దాని పాత కూర్పులు కొన్ని, ప్రత్యేకముగ చెప్పనిచో, వచ్చు పిలుపుల నన్నిటిని వినెడివి. దుండగులు వేలకొలది దస్తరములను తుడిచివైచి, ధనమిచ్చిన మరల ఇత్తుమని చీటీ వదలిపోయిరి. గోడ దూకలేదు, తాళము పగులగొట్టలేదు. తెరచియున్న తలుపున నడచిపోయిరి. ఆ యేటి చివర వచ్చిన 3.6 వ కూర్పునుండి, యజమానుడు కోరిననే తప్ప వీధివైపు తలుపు తెరచుకొనకుండునట్లు దానిని మార్చిరి.

ముద్ర వేయువారే మోసపోయిన సందర్భమును కలదు. 2011 లో హాలండులో డిజినోటార్ అను సర్టిఫికేటు సంస్థలోనికి దొంగలు చొచ్చి, గూగుల్ పేర దొంగపత్రము పుట్టించిరి. ఇరానులో దాదాపు మూడులక్షలమంది ఆ పత్రమువలన మోసమునకు గురియైరి. కొలది వారములలో ఆ సంస్థ దివాలా తీసెను. రాక్షసమంత్రి ఉంగరము మరల చాణక్యుని చేత పడినదన్నమాట; ఈసారి చాణక్యుని సదుద్దేశము మాత్రము లేదు.

ఈ చరిత్రనుండి దూరపు దస్తరములను కాపాడువారు గ్రహింపవలసిన విధులు కొన్ని తేలుచున్నవి. డేటాబేసును ఇంటర్నెట్టునకు నేరుగ చూపరాదు. సొరంగము ద్వారానో, సంస్థ లోపలి మార్గము ద్వారానో మాత్రమే దానిని చేరవలెను. మాటకు టి.ఎల్.ఎస్. కవచము తొడుగుటతో తృప్తిపడక అవతలివాని సర్టిఫికేటును సరిచూడవలెను. సరిచూడని కవచము దొంగతో గుసగుసలాడుటకే పనికివచ్చును. ఒక్కొక్క ఉద్యోగికి వేరువేరు చెవి నిచ్చి, అతని పనికి చాలినంత అధికారమే ఒసగి, పని విడిచిపోయిన దినముననే ఆ చెవిని రద్దు చేయవలెను. దిద్దుబాట్లను ఆలస్యము చేయరాదు. ఎవరు ఎప్పుడు వచ్చి ఏమి చూచిరో పుస్తకమున నెక్కవలెను. ఏలయన ఇంటిదొంగను ఈశ్వరుడైన పట్టజాలడందురు గాని, వేళ తప్పక వ్రాసిన పద్దు పట్టగలదు. దస్తరపు ప్రతి నొకదానిని వేరొకచోట దాచియుంచవలెను. వీనిలో ఏదియు మహావిద్య కాదు. పైని చెప్పిన దోపిడులలో పెక్కింటికి కారణము గణితము ఓడిపోవుట కాదు, ఎవరో ఒకరు తమ పనిని రేపటికి వాయిదా వేయుటయే.

జిమ్మర్‌మాను వార్త బయటపడినపుడు నష్టపడినది ఒక సామ్రాజ్యము. నేడు ఒక కచేరీ దస్తరము బయటపడినచో నష్టపడువారు పొలము పట్టా తప్ప వేరు ఆధారము లేని రైతు, తన వ్యాధిని ఇరుగుపొరుగులకు తెలియనీయని ఇల్లాలు, జీతపురాళ్లను బ్యాంకులో దాచుకొన్న కూలివాడు. వారికి రహస్యలిపి తెలియదు, తెలియవలసిన పనియు లేదు. తమ పేరు చెప్పి వ్రేలిముద్ర వేసిపోయిరి. తక్కిన భారము దస్తరమును పట్టుకొన్నవారిది. మన దేశమున 2000 అక్టోబరు 17 నుండి అమలులోనికి వచ్చిన సమాచార సాంకేతిక శాసనము, తరువాతి సవరణలు ఆ భారమును కొంతవరకు చట్టమున కెక్కించినవి. కాని చట్టము దొంగతనము జరిగిన పిదప వచ్చునది. తలుపు గడియ వేసినదో లేదో సందెవేళ ఒక్కమారు తట్టి చూచుట మాత్రము, నాటి కరణముగారివలెనే, నేటి దస్తరపు కావలివాడును తన చేతులతో చేయవలసిన పని.